ఆరని ముద్ర

రిటైరైన గుమాస్తాకు పాత యుద్ధాలనాటి సైనికుల ఉత్తరాలు సేకరించడం పిచ్చి. ఆ రాత్రి వేలంలో కొన్న కవర్ల కట్ట విప్పి, అలవాటు ప్రకారం ఒక్కో తపాలా ముద్రనూ తడి దూదితో అద్ది చూస్తున్నాడు. పాత సిరా దూదికి అంటదు; అంటితే నకిలీ.

ఒకటి అంటింది.

‘గ్రహీత మరణించాడు. పంపినవారికి వాపసు.’ ముద్ర మీద తేదీ ఇవాళ్టిది. చిరునామా, సరిహద్దులో ఉన్న కొడుకుది. చేతిరాత తనదే!

“ఏమండీ, అబ్బాయికి రాసిన ఉత్తరం పోస్టు చేశారా? రేపు రేపంటూ వారం గడిపారు!” పక్కగదిలోంచి భార్య దెప్పింది.

సొరుగు లాగాడు. రాసిన ఉత్తరం అక్కడే, పెట్టినచోటే ఉంది.

హాల్లో ఫోను మోగింది.

“వాడేనేమో!” భార్య పరుగెత్తింది.

తీయొద్దని అరవబోయాడు. అప్పటికే ఆమె “హలో” అంది.