కొనని జామకాయలు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో లిఫ్టు దిగి పాతికడుగులు వేసిందో లేదో, సూర్యప్రభ జామకాయల బండి దగ్గర ఆగింది.

"అప్పుడే మొదలా?" అన్నాడు జోగారావు.

ఎల్‌బీ నగర్‌లో ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచీ భార్య మీద ఆయన వెటకారం సాగుతూనే ఉంది. "దిగడానికి కూడా లిఫ్టేనా, మహారాణీ?" అని ఇందాక స్టేషన్లో పదిమందిలో అననే అన్నాడు.

కీళ్లవాతం ఊపిరితిత్తులకు పాకి రెండేళ్లయింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడిందని డాక్టరు చెప్పాడు. పోయినసారి గొట్టంలోకి ఊదే పరీక్షలో అంకె బాగా పడిపోయింది. "నడిచేటప్పుడు ఊపిరి కోసం ఆగాల్సి వస్తే మాత్రం ఇక్కడ చేరిపోవాల్సిందే" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచీ సూర్యప్రభకు కంటి మీద కునుకు లేదు. అక్క అమ్మాజీ కూడా రెండ్రోజుల్లో వచ్చేస్తానని చెప్పే ఆస్పత్రిలో చేరింది. రాలేదు.

కాయ తీసి తిప్పి చూసింది. ధర అడిగింది. ఇంకోటి తీసింది. ఊపిరి కుదుటపడేదాకా చూసి, రెండూ బుట్టలో పెట్టేసింది.

బండి మల్లమ్మ మూతి తిప్పింది. "ఏందమ్మా, పోయిన నెల గూడ గిట్లనే జేసినవ్. కొనేదుందా, కాయలకు మాలీష్ జేసి పోతవా?"

"రేటెక్కువ చెప్తున్నావులే."

"అడుగు, అడుగు" అన్నాడు జోగారావు స్తంభానికి ఆనుకుని. "అవతల మన నంబరు పోతుంది. నువ్వు కాయల మీద పరిశోధన చెయ్యి."

తర్వాత గాజుల కొట్టు. ఆ తర్వాత పూలగంప. మూర కొలిపించి, వద్దంది. పూలామె తిట్టుకుంది. సందు మలుపులో స్టీలు గరిటెల బండి కనపడితే అక్కడా ఆగింది. ఈసారి జోగారావు ఏమీ అనలేదు. ఆమె నాలుగు గరిటెలు చూసింది. ఐదోది అందుకుంటుంటే ఆయన మొదలుపెట్టాడు.

"ఇంట్లో ఆరున్నాయి. ఏడోది నా నెత్తిన కొట్టడానికా?"

"అరిగిపోయాయండీ."

"అరిగింది నీ బుర్ర. నీతో వీధిలో నడిచేకంటే సన్యాసం పుచ్చుకోవడం మేలు."

సూర్యప్రభ గరిటె అక్కడ పెట్టేసింది. ఫైలు చంకలో సర్దుకుని కదిలింది.

ఆస్పత్రి పరీక్ష గదిలో రమ్య అనే అమ్మాయి తెర మీద అంకె చూసింది. ఇంకోసారి ఊదమంది. మళ్లీ చూసింది. ముఖంలో నవ్వు పోయింది.

"నిజం చెప్పండి. నడుస్తుంటే మధ్యలో ఎక్కడైనా ఆగాల్సి వస్తోందా? డాక్టరుగారికి రాసివ్వాలి."

సూర్యప్రభ చేతుల్లో ఫైలు నలిగింది.

నోట్లోంచి గొట్టం తీసి, "నేనెక్కడ ఆగానమ్మా, బండి కనిపిస్తే చాలు, ఈవిడే ఆగిపోతుంది" అన్నాడు జోగారావు.