మూడో రోజు దాటాక

మూడో రోజునే చెప్పి ఉండాల్సింది. మొదటి రోజు భయం, రెండో రోజు సిగ్గు. రెండూ మనిషికి సహజమే. మూడో రోజున మాత్రం లేవాలి, నోరు తెరవాలి. అది దాటాక మౌనం అలవాటైపోతుంది. ఇప్పటికి నాలుగేళ్ల అలవాటు.

"మల్లన్నా, కలలు గంటున్నవా? ముల్లు దిగింది సూడు."

అతను వేలు చూసుకున్నాడు. చిన్న రక్తపు చుక్క. సౌదీలోని తాయిఫ్ కొండ మీది ఆ తోటలో గులాబీలను ఎండ తగలకముందే తెంపాలి. పొద్దెక్కితే వాసన పోతుందని యజమాని నమ్మకం. అప్పుడే తెల్లవారుతోంది. పక్క సాలులో యాదగిరి నడుముకు సంచి కట్టుకుని చేతికీ నోటికీ విరామం లేకుండా తెంపుతున్నాడు. జగిత్యాల వైపు మనిషి. రెండేళ్లుగా ఇద్దరిదీ ఒకే గది.

"బుధారం తర్హీల్ ఆఫీసుకు పోదామే. ఆమ్నెస్టీ మూడు నెలలే. జుర్మానా లేదు, జైలు లేదు, సక్కగ ఇంటికి తోలుతరు. ఎనుక లెవీలట, మనిషికింతని కట్టాలెనట. మనసొంటోళ్లను ఎవడుంచుకుంటడు?"

"నువ్వు పో."

"నువ్వెందుకు రావు? ఇకామా కార్డు ఖతమైందనా? ఆడ కార్డే అక్కెర్లేదట. మిషిన్ మీద వేలు పెడితె పేరు, ఊరు అన్ని అదే చెప్తదట."

అతను ఆ వేలిని చొక్కాకు తుడిచాడు. రక్తం మళ్లీ ఊరింది.

"నలభై దినాల సంది సూస్తున్న. కోడి ముట్టవు, యాటకూర ముట్టవు. గీ ఎండకాలంల అయ్యప్ప మాల ఏసినవా ఏంది?"

"కడుపు బాగ లేదు."

"కడుపు గాదు, మనసు. ఇయ్యాల గా సచ్చిపోయిన నీ దోస్తు ఇస్సాకు పండుగ గదా? పోయినేడు గూడ గిట్లనే ఉన్నవు. సమాధులకాడ చేస్తరంటివి. మన పెత్రమాస లెక్కనా?"

అతను కొంచెం ఆలోచించాడు. "కాదు. పెత్రమాస పోయినోళ్లకు. ఇది లేచినోనికి."

ముందురోజే సమాధులకు సున్నం వేస్తారు. చీకటి ఉండగానే తెల్లచీరలు కట్టుకుని, కొవ్వొత్తులు పట్టుకుని పాడుతూ వెళ్తారు. బంతిపూల రేకులతో సిలువ పేరుస్తారు. ఒకరు "క్రీస్తు లేచెను" అంటే ఎదుటివారు "నిజముగా లేచెను" అనాలి. తర్వాత అందరూ కోడికూర వండుకోవడానికి ఇళ్లకు వెళ్లిపోతారు. ఒక తల్లి మాత్రం వెళ్లదు. నిరుడు ఇస్సాక్ ఊరి చర్చివాళ్లు ఫేస్‌బుక్‌లో పెట్టిన వీడియోలో ఆమె మూడు క్షణాలు కనిపించింది. రాయి మీద ఇస్సాక్ పేరు. గాలికి ఆరిపోబోతున్న కొవ్వొత్తికి కొంగు అడ్డం పెడుతోంది. ఆ మూడు క్షణాలను అతను ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు.

నాలుగేళ్ల కిందట, సౌదీవాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలకు ఎరుపు, ఇచ్చినవాటికి పచ్చ రంగు వేసే నితాకాత్ తనిఖీలు జోరుగా ఉన్న రోజులవి. ఇస్సాక్ కంపెనీ ఎరుపులో పడింది. రోడ్డెక్కితే పట్టుకుంటారు. మల్లేశం కంపెనీ పచ్చది. ఆ మంచి శుక్రవారం జిద్దాలో ఎవరింట్లోనో తలుపులు మూసుకుని ప్రార్థన. "నా కార్డు పట్టుకపో. ఫోటో ఎవడు సూస్తడు? నీది నా తాన కుదువ పెట్టు, మల్ల నీ దేవుని తాననే ఆగిపోతవేమో!" ఆ మాట, ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉన్నాయి. ఒకరి బదులు ఒకరు. పండుగ అర్థం అదేనంటారు. చెప్పుకోవడానికి ఎంత తేలికైన మాట!

"ఎట్ల సచ్చిండే?" యాదగిరి గొంతు తగ్గించాడు.

"మంచి శుక్రవారం రాత్రి పండుకునే షెడ్డు కాలింది. ముఖం తెలువలే. జేబుల ఇకామా చూసి పేరు రాసిండ్రు. ఇంటికాడ పెట్టె తెరవకుండనే పూడ్చిండ్రట."

"నువ్వు ఆడ లేవా?"

"లేను."

"మరింక నీ తప్పేముంది? వాళ్లమ్మ ఉన్నదంటివి గదా, ఆమెకు ఒక్కపారి ఫోన్ చెయ్యి."

"నిజం చెప్తే ఒక మనిషి మళ్ల సస్తడు."

"సచ్చినోడు మళ్లెట్ల సస్తడు?"

"పేరుతోని పిలిచేటోళ్లు ఉన్నన్ని దినాలు సావడు."

యాదగిరికి ఇది అర్థం కాలేదు. అర్థం కానివాటిని అతను పక్కకు నెట్టేస్తాడు. "గదంత నాకెరుక లేదు. నీకా ముందు ఎనుక ఎవ్వరు లేరంటవు. ఆమెకా, కొడుకు లేడు. అమ్మా అని ఒక్కపారి పిలిస్తె నీదేం పోతది?"

ఏమీ పోదు. ఇన్నేళ్లూ ఏదో పోతుందనే అనుకున్నాడు. నిజానికి తను కాపాడుతున్నది చనిపోయినవాణ్ణా, తన భయాన్నా?

అతను నడుము సంచి విప్పి సాలులో పెట్టాడు. ఫోన్ తీశాడు. నంబరు అందులో లేదు, వేళ్లకే గుర్తుంది. అంకెల మీద రక్తపు మరకలు పడ్డాయి. ఇండియాలో ఎనిమిది కావస్తూ ఉంటుంది.

మూడో రింగుకు ఎత్తారు. గాలి హోరు, దూరంగా ఎవరో పాడుతున్నారు.

"హలో. క్రీస్తు లేచెను."

ఎవరో సంఘంవాళ్లే అనుకుని ఉంటుంది.

"నిజముగా లేచెను."

అవతల పాట ఇంకా వినిపిస్తోంది.

"ఎవరు బాబూ? సమాధుల తోటలో ఉన్నాను, సరిగ్గా వినబడట్లేదు. ఎవరూ మాట్లాడేది?"

యాదగిరి పూలు తెంపడం మాని, చెప్పు చెప్పు అని సైగ చేస్తున్నాడు.

"అమ్మా, నేనే, ఇస్సాక్‌ని."