సెకనుకు ఇరవై కేబీ

ఇంటి నుంచే పనిచేసే ఉమాశ్రీని ఉద్యోగంలోంచి తీసేసిన పది నిమిషాలకే, మేనేజర్ శివశంకర్ రాయదుర్గంలోని మా ఆఫీసంతటికీ సమోసాలు తెప్పించాడు. నూనె కారుతున్న అతని మూతి చూడలేక ముఖం తిప్పుకున్నాను. నా వాటా సమోసా బల్ల మీదే వదిలేశాను.

నెలలో పద్నాలుగు రోజులు ఆమె ఫైళ్లు క్లౌడ్‌లోకి ఆలస్యంగా చేరాయట. కాగితం మీద రాసిన కారణం అదే.

సాయంత్రం ల్యాప్‌టాప్ అప్పగించడానికి నా దగ్గరికే వచ్చింది.

"ప్రగతి నగర్‌లో నెట్ కనెక్షన్ రెండుసార్లు మార్చానండి," అంది ఛార్జర్ వైరు చుడుతూ. "అయినా ఫైళ్లు ఎక్కేవి కావు. అందరూ విసుక్కున్నారు. మీరొక్కరే ప్రతిసారీ ఫోనెత్తి ఓపిగ్గా మాట్లాడారు. థాంక్సండి."

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. ఇంతకన్న మంచి జాబ్ వస్తది," అన్నాను.

ఆమె లిఫ్టెక్కాక ల్యాప్‌టాప్ తెరిచాను. ఇంకొకరికి ఇచ్చే ముందు పాత సెట్టింగులు తీసెయ్యడం నెట్‌వర్క్ చూసేవాడిగా నా పని. క్లౌడ్ సింక్‌లో అప్‌లోడ్ లిమిట్ సెకనుకు ఇరవై కేబీ అని ఉంది; ఒక్క ఫైలు ఎక్కడానికే గంటలు పట్టే వేగం.

"పైనుంచి ఒకర్ని తగ్గించమన్నారు, సాకు కావాలి. ఉమాశ్రీది జర స్లో చెయ్," అని పోయిన నెల శివశంకర్ చెబితే, ఆ లిమిట్ పెట్టింది నేనే. ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ ఇంటి నెట్టే మేడమ్" అన్నదీ నేనే.

లిమిట్ తీసేశాను. ఆగిపోయిన ఆమె ఫైళ్లన్నీ, నేను ఆ చల్లారిన సమోసా తినేలోపే ఎక్కేశాయి.