నలభయ్యో టేకు

"ముప్పై నాలుగో టేకు."

"తలుపు... తలుపు తియ్యండి. నేను... వెళ్తాను."

"బాలేదమ్మా. మళ్లీ."

వరండా గోడకున్న స్పీకర్లోంచి సౌండాయన మాటల మధ్య ఓ అమ్మాయి గొంతు గజగజా వణుకుతూ వచ్చింది. కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆమె బాబాయి పకపకా నవ్వాడు.

"దాని మొహం! తలుపు తియ్యమని అడగడం కూడా చేతకాదు దానికి."

పక్కన నిలబడ్డ డబ్బింగ్ ఇన్‌చార్జికి నవ్వు రాలేదు. ఆమె చూపంతా స్టూడియో తలుపు మీద వెలుగుతున్న ఎర్రదీపం మీదే ఉంది. అది వెలుగుతున్నంతసేపూ ఎంతటివాళ్లయినా ఆ తలుపు తెరవకూడదు. ఇవాళ ఆమె భయమల్లా ఒక్కటే, దీపం ఆరేలోపు ఈ పెద్దమనిషి వెళ్లి తలుపు లాగేస్తాడేమోనని. లాగినా లాగుతాడు. అలాంటి ఘటమే.

పిల్లల కోసం తీస్తున్న జానపద కార్టూన్ సీరియల్ అది. కోట దాటి ఎరగని ఓ దొరసాని కథ. మొదటి భాగంలో మెట్లు దిగడానికే బావురుమంది. ఆరో భాగానికి పొయ్యి వెలిగించడం నేర్చుకుంది. పద్దెనిమిదో భాగంలో వానలో తడుస్తూ గుర్రమెక్కింది. ఇది ఆఖరి భాగం. కోట కాపలావాడి కళ్లలోకి చూసి తలుపు తియ్యమని చెప్పాలి. అంతే.

దొరసానికి గొంతిచ్చే అమ్మాయిని స్టూడియోలో అందరూ పిచ్చుక అంటారు. అమ్మానాన్నా పోయాక బాబాయి పంచనే పెరిగింది. ఇరవై మూడేళ్లొచ్చినా వీధి చివరి కొట్టుకి ఒంటరిగా వెళ్లింది లేదు. ఆయన బయటికెళ్తే ఆమె గదికి తాళం, తాళంచెవి ఆయన జేబులో. స్టూడియో యజమాని స్వయానా బావమరిది కావడంతో ఈ పనికి కాదనలేకపోయాడు గానీ, రోజూ తనే వెంటపెట్టుకు వస్తాడు, తలుపు దగ్గరే కాపు కాస్తాడు, తనే తీసుకుపోతాడు. మొదటి రోజే స్టూడియో అంతా కలియతిరిగి వెనక దారేమైనా ఉందా అని ఆరా తీశాడు. ఉన్న ఒక్క దారికీ అడ్డంగా ఇనప బీరువా కనిపించాకే ఆయన మనసు కుదుటపడింది.

"ఇవాళ్టితో సరి," అన్నాడు బాబాయి. "రేపట్నుంచి స్టూడియో లేదు, గీడియో లేదు. నిన్న పొద్దున్నే చెప్పేశా. కళ్లనీళ్లు కుక్కుకుంది."

"బంగారంలాంటి గొంతు బాబాయిగారూ."

"ఇంట్లో ఉంటే గొంతేమీ అరిగిపోదులే. అయినా ఈ స్పీకరేదో బాగుందమ్మా. ముందే పెట్టుంటే ఇన్నాళ్లూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చునేవాణ్ణి కాదు."

"మీకు తోచడం లేదని సౌండాయనే పొద్దున తగిలించారండీ."

"చూశాలే. ఆయన చొక్కా నిండా దుమ్మూ ధూళీ."

"ముప్పై ఆరో టేకు," అంది స్పీకరు. ఈసారి మాట రాలేదు. ముక్కు చీదిన చప్పుడూ, చిన్న వెక్కూ వినిపించాయి.

బాబాయి నవ్వు ఆగిపోయింది. "ఏడుస్తోందేంటి? నిన్నంటే ఏడ్చింది. ఇవాళ శుభ్రంగా నవ్వుతూ వచ్చిందే!"

ఇన్‌చార్జి గబుక్కున అందుకుంది. "సీను అలాంటిదండీ."

"ఉండు, ఓసారి చూసొస్తా."

చూస్తుండగానే లేచాడు. నాలుగంగల్లో తలుపు దగ్గరికెళ్లి పిడి మీద చెయ్యేశాడు.

"బాబాయిగారూ, దీపం!"

ఆమె పెట్టిన కేకకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. కిందికి చూశాడు. గడప పక్కన పిచ్చుక చెప్పులున్నాయి. స్టూలు మీది పళ్లెంలో ఆమె గాజులున్నాయి. మైకు ముందుకెళ్లేవాళ్లు చప్పుడు చేసేవన్నీ బయటే వదలాలి, అక్కడి పద్ధతి అది. బాబాయి గాజులు లెక్కపెట్టాడు. చెప్పుల్ని కాలితో సరిగ్గా జరిపాడు. పిడి వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

"చెప్పుల్లేకుండా ఎక్కడికి పోతుందిలే," అని గొణిగి, ఇన్‌చార్జి కాళ్ల వైపు చూశాడు. "నీ చెప్పులేవీ?"

ఆమె వట్టి పాదాల్ని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. "నేనూ లోపలికీ బయటికీ తిరుగుతుంటా కదండీ."

ఆమె తలెత్తి గోడ గడియారం చూసింది. పన్నెండుకి ఐదు నిమిషాలు.

"ఇంకా ఎన్నిసార్లమ్మా ఈ గోల?"

"నలభైకి వచ్చేస్తుందండీ."

"జాతకం చూసి చెబుతున్నావా?" అని ఆయన మళ్లీ నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయి మళ్లీ గడియారం చూసింది.

ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. గొంతులో అదే వణుకు. ముప్పై తొమ్మిదికి దూరంగా రైలు కూత వినిపించింది.

"పన్నెండు గంటల బండి. టైముకే కదిలిందే ఇవాళ," అన్నాడు బాబాయి చేతి గడియారం చూసుకుంటూ.

ఇన్‌చార్జి ఆయన కుర్చీ వెనక పట్టుకున్న చేతులు వదిలింది. వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి.

"నలభయ్యో టేకు."

ఇన్‌చార్జి స్పీకరు వైపు తలెత్తింది.

"తలుపు తియ్యి. నేను వెళ్తున్నాను."

వణుకు లేదు. బతిమాలడం అసలే లేదు. బాబాయి ముఖం చిట్లించాడు. ఇరవై మూడేళ్లలో ఆ గొంతు ఆయన తన ఇంట్లో ఎన్నడూ వినలేదు.

"అది మా పిల్ల గొంతేనా?"

"పిచ్చుకదే," అంది ఇన్‌చార్జి కళ్లు తుడుచుకుంటూ.

"ఓకే తల్లీ! ఇక బయల్దేరు," అంది స్పీకరు.

ఎర్రదీపం ఆరింది. బాబాయి చెప్పులూ గాజులూ చేత పట్టుకుని, "పదవే ఇంటికి!" అంటూ తలుపు లాగాడు.

వెనక దారికి అడ్డున్న ఇనప బీరువా పక్కకి జరిగి ఉంది. ఖాళీ గదిలో నిన్నటి రికార్డింగ్ తిరుగుతోంది.