భటుడి వేషం

"భటుడి వేషం వేస్తవా, వెయ్యవా? ఒక్క మాట చెప్పు."

పేటీ మాస్టర్ పాండురంగయ్య హార్మోనియం మూత తీస్తూ అడిగాడు. ఎదురుగా సూగురేశ్ మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో వేడినీళ్ల గ్లాసుతో నేలచూపులు చూస్తున్నాడు.

"గొంతు బాగలేదు మాస్టర్," అన్నాడు గుసగుసగా.

"'మహారాజా, దూత వచ్చిండు' అననీకి గొంతెందుకురా?"

రాయచూరు దగ్గరి శక్తినగర్ థర్మల్ కాలనీలో ఆ రోజు పద్యనాటకం. రాజు వేషానికి హైదరాబాదు నుంచి సినిమా హీరో తిరుమలేశ్ దిగాడు. హీరో అయితే అయ్యాడు కానీ రాయచూరు పిల్లవాడే. అతనూ సూగురేశూ పాండురంగయ్య ముందు ఒకే చాప మీద కూర్చుని పద్యాలు నేర్చుకున్నారు, ఒకే బస్సెక్కి హైదరాబాదు వెళ్లారు. ఒకడు పోస్టర్లకెక్కాడు. రెండోవాడు ఇన్నేళ్లలో కనీసం గుంపులో నిలబడ్డవాడిగానైనా తెర మీద కనబడలేదు. హీరోగారి పక్కన కూర్చుని మాటలు అందిస్తుంటాడని మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు. ఇవాళ వచ్చింది కూడా ఆ పనికే.

"పోయిన నెల వాని సినిమా చూసిన," అన్నాడు పాండురంగయ్య. "పద్యం ఎత్తుకుంటే ఒళ్లు జలదరించింది. నేను చెప్పిన తాన్నే ఊపిరి తీస్కుంటడు. చిన్నప్పుడు శ్రుతిల నిలిచెటోడు కాదు వాడు. నేను నిన్ను నమ్మినరా. వాడేమో చేసి చూపెట్టిండు."

సూగురేశ్ వేడినీళ్లు ఒక గుక్క తాగాడు. ఈ మనిషి నోట ఒక్క మంచి మాట వినాలని అతనికి ఎన్నేళ్ల నుంచో ఉంది. అది దొరక్కుండానే ముసలాయన కళ్లు మూస్తాడేమోనని భయం కూడా ఉంది.

"ఇయ్యాల స్టేజి ఎక్కితే నా శిష్యునివి. ఎక్కకుంటే నువ్వెవరో నేనెవరో," అంటూ భటుడి తలపాగా అతని చేతిలో పెట్టి, పాండురంగయ్య శ్రుతి చూసుకోవడంలో పడ్డాడు.

సూగురేశ్ మేకప్ గదికి పరుగులాంటి నడకతో వెళ్లాడు. తిరుమలేశ్ కిరీటం పక్కన పెట్టుకుని, చల్లటి సోడా తాగుతూ మిరపకాయ బజ్జీలు లాగిస్తున్నాడు. రాణి వేషం వేసే జయాబాయి అద్దంలో బొట్టు దిద్దుకుంటోంది.

"ఒక్క సీను. ఒక్క మాట చెప్పి వచ్చేస్త," అన్నాడు సూగురేశ్.

తిరుమలేశ్ చేతిలో బజ్జీ ఆగిపోయింది. "ఆ సీన్లనే కద నా మొదటి పద్యం. నువ్వు స్టేజి మీదుంటే నా గతేంది?"

జయాబాయి నవ్వింది. "ఏం హీరోవయ్యా నువ్వు. ఒక్క పద్యానికి గూడ అందించేటోడు కావాల్నా? మేము దినానికో ఊర్ల రిహార్సల్ లేకుంటనే వేషం కడ్తం."

"సినిమాలల్ల పడి అలవాటు తప్పింది జయక్కా," అని తిరుమలేశ్ కూడా నవ్వాడు. రంగు కింద నుదుటి మీద చెమట పట్టింది. సూగురేశ్ చెయ్యి పట్టుకుని, "నా పరువు నీ చేతులనే ఉంది సూగూ," అన్నాడు మెల్లగా.

అంతలో పాండురంగయ్య గుమ్మంలోకి వచ్చాడు. "నీ శ్రుతి ఎంత నాయనా?"

తిరుమలేశ్ సూగురేశ్ వైపు చూశాడు.

"నాలుగున్నర," అన్నాడు సూగురేశ్.

"పెద్దోడైనంక శ్రుతి చెప్పనీకి గూడ మనిషి కావాల," అని పాండురంగయ్య మురిసిపోతూ హీరో భుజం తట్టి వెళ్లాడు. సూగురేశ్ వైపు చూడనైనా చూడలేదు.

మొదటి గంట కొట్టారు. సూగురేశ్‌కు కాలు నిలవడం లేదు. తలపాగా చుట్టుకున్నాడు, విప్పేశాడు. వేదిక వెనక్కి వెళ్లి, నాటకంలో ఆకాశవాణి పలకడానికి పెట్టిన మైకును వేలితో తట్టి చూశాడు. మళ్లీ వచ్చి తలపాగా చుట్టుకున్నాడు. ఒక్క మాటే కదా, పరుగెత్తి వెనక్కి వచ్చేయొచ్చు. అడుగులు లెక్కపెట్టుకుని చూశాడు. రాలేడు. తిరుమలేశ్‌కు ఇచ్చిన మాట ఒక పక్క, గురువు ఒక పక్క. ఎటు తేల్చుకున్నా ఇవాళ ఎవరో ఒకరు మిగలరు.

రెండో గంటకి తలపాగా తీసి, తెర లాగే బసవప్ప నెత్తిన పెట్టాడు.

"నువ్వే చెప్పు బసవప్పా. నాకు చేత కాదు."

"అయ్యో, నాకు చేతనైతదా?" అని బసవప్ప వణికాడు గానీ, వేషం మీద ఎవరికి మోజు ఉండదు. ఈటె పట్టుకుని నిలబడ్డాడు.

తెర లేచింది. తిరుమలేశ్ సింహాసనం మీద కనబడగానే కాలనీ కాలనీ అంతా ఈలలు వేసింది. బసవప్ప ముందుకు వచ్చి, "మహారాజా, దూత వచ్చిండు" అని ఒక్క గుక్కలో అనేసి పారిపోయాడు.

వేదిక కింద హార్మోనియం ముందు కూర్చున్న పాండురంగయ్య ముఖం మాడిపోయింది. పక్కనున్న తబలా భీమప్పతో, "వాడు ఈ జన్మల స్టేజి ఎక్కడు. నేర్పింది బూడిదల పోసినట్లాయె," అన్నాడు. అయినా వేళ్లు శ్రుతి అందించాయి.

తిరుమలేశ్ లేచి నిలబడి చెయ్యెత్తాడు. పద్యం మొదటి పాదం పెద్ద స్పీకర్లలోంచి లేచి, కాలనీ దాటి కృష్ణ ఒడ్డు దాకా వెళ్లింది. ముందు వరసలో పిల్లలు కూడా మాటలు మానేశారు. పాండురంగయ్య కళ్లు మూసుకున్నాడు. పాదం చివర ఎక్కడ ఆగమని తాను నేర్పాడో, సరిగ్గా అక్కడ ఆగింది ఊపిరి. ఆయన చెంపల మీదికి నీళ్లు జారాయి.

"వింటున్నవా భీమప్పా? నా శిష్యుడంటే వీడు."

తెర వెనక, ఆకాశవాణి మైకులో సూగురేశ్ రెండో పాదం ఎత్తుకున్నాడు.