ఆర్మూర్‌కు ఒక్కడే డైవర్

ఏడు మాస్కులు పెట్టి చూశాను. ఏడూ నా ముఖానికి సరిపోలేదన్నాను.

"పట్టీ పెట్టుకోకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చండి సార్. అతుక్కుని ఉంటే సరిపోయినట్టే" అన్నాడు వైజాగ్ నుంచి వచ్చిన స్టాలతను.

ఎనిమిదోది పెట్టుకున్నాను. పీల్చమంటే వదిలాను. మాస్క్ జారి బల్ల మీద పడింది.

"పీల్చాలి సార్, వదలకూడదు."

"కొత్త కదా, పొరపాటైంది" అన్నాను.

పక్కనే ఉన్న లింబాద్రన్న నెత్తి కొట్టుకున్నాడు. మా గణేశ్ మండలి అధ్యక్షుడు ఆయన. నేను కాంటా వేసే పసుపు దుకాణం యజమాని కూడా ఆయనే.

"ఏందిర సుకుమార్, గింత పెద్ద మూతికి ఒక్కటి సుత పడ్తలేదా?"

ఆర్మూర్‌లో డైవింగ్ సామాన్ల ప్రదర్శన అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మేం సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. కానీ పోచంపాడు డ్యామ్ నీళ్లు దగ్గరే కదా, రెస్క్యూ వాళ్లు కొంటారని నాలుగైదు కంపెనీలు ఆశపడ్డాయి. మార్కెట్ యార్డు ఎదురుగా ఫంక్షన్ హాల్లో స్టాళ్లు పెట్టాయి. వచ్చినవాళ్లేమో పసుపు అమ్ముకుని ఇంటికి పోతున్న రైతులు. గాలి సిలిండర్లను చూసి మందు కొట్టే పంపులనుకుని రేటు అడుగుతున్నారు.

హాలు మొత్తానికి డైవర్ని నేనొక్కణ్ణే. ఏం డైవర్ని! డిసెంబర్‌లో అండమాన్ పోయి నాలుగు రోజులు నేర్చుకున్నాను. మొదటి రోజు కడుపు నిండా ఉప్పునీళ్లు తాగాను. రెండో రోజు అరచేయంత చేపను చూసి పైకి పారిపోయాను. మిగతా రెండు రోజులూ ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకునే దిగాను. పాపం, అతను విడిపించుకోవాలని చాలా ప్రయత్నించాడు. చివరికి నా పీడ వదిలించుకోవడానికేనేమో, సర్టిఫికెట్ ఇచ్చి పంపాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. సిలిండర్ తగిలించుకున్న ఫోటో స్టేటస్‌లో పెట్టాను. తిరిగొచ్చి బస్సు దిగేసరికి మండలి వాళ్లంతా పూలదండతో బస్టాండులో ఉన్నారు. భాగ్యవ్వ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

భాగ్యవ్వకు ఒకే ఒక్క గొలుసు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి చేయించుకున్న రెండు తులాలు. మొక్కు ప్రకారం ఏటా నవరాత్రుల్లో దాన్ని మా వినాయకుడి మెడలో వేస్తుంది, నిమజ్జనం రోజు తీసుకుంటుంది. పోయిన సెప్టెంబర్‌లో దొంకేశ్వర్ దగ్గర ఆ పోచంపాడు నీళ్లలోనే నిమజ్జనం అవుతుంటే ఒకటే వాన. లారీ ఎక్కి విగ్రహం మీది దండలు, లైట్లు తీసింది నేనే. గొలుసేదిరా అని లింబాద్రన్న అడిగేసరికి వినాయకుడు నీళ్లలో మునిగిపోయాడు.

"డీజే మోతల యాదికి లేదన్నా" అన్నాను.

ఊరంతా దుమ్మెత్తి పోసింది. జాలర్లు రెండు రోజులు వెతికి చేతులెత్తేశారు.

ఆ గొలుసు కోసమే నేను డైవింగ్ నేర్చుకున్నానని ఇప్పుడు అందరి నమ్మకం. స్టాలతనికి కూడా లింబాద్రన్న అదే చెప్పాడు. ఎందుకు నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

తొమ్మిదో మాస్కును, మాతోపాటే హాలుకు వచ్చిన భాగ్యవ్వ తనే నా ముఖానికి ఒత్తి పట్టుకుంది. "పీల్చు బిడ్డా" అంది. ఆమె అలా కళ్లలోకి చూస్తుంటే పీల్చక తప్పలేదు. మాస్క్ జలగలా అతుక్కుంది.

"గా నీళ్లు ఉత్త బురదన్నా. కండ్లకేం కనవడది" అన్నాను.

స్టాలతను టార్చి వెలిగించాడు. హాలు అవతలి గోడ మీద పెళ్లివారు అంటించిన పేర్లు కూడా చదవొచ్చు.

"బురదల కూరుకపోయి ఉంటదన్నా. టార్చి ఏం జేస్తది?"

అతను నవ్వి, పొడుగు కర్రలాంటి యంత్రం తీశాడు. లింబాద్రన్న ఉంగరం అడిగి తీసుకుని, టబ్బులోని బురదనీళ్లలో వేసి కలిపేశాడు. యంత్రం ఒకసారి అటూ ఇటూ తిప్పాడో లేదో, కీచుమని మొత్తుకుంది. చుట్టూ ఉన్న రైతులు చప్పట్లు కొట్టారు.

"గివన్ని కొనేంత తాకత్ మనకేడిదన్నా?" ఆఖరి ఆశతో అడిగాను.

"కొనక్కర్లేదు సార్. ఆదివారం మేమే అన్నీ తెస్తాం. మీరు గొలుసు తీయడం వీడియో తీసుకుంటాం. మాకు అదే ప్రచారం. అక్కడ బంగారమంటూ ఉంటే మా మెషిన్ వదలదు."

"ఇగ అయిపాయె! ఆదివారం డప్పులు పెట్టిస్త" అన్నాడు లింబాద్రన్న. అప్పుడే ఫోన్ తీసి అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

భాగ్యవ్వ నన్ను పక్కకు పిలిచింది. బీడీ ఆకు కత్తిరించి కాయలు కాసిన చేత్తో నా చెంప తుడిచింది.

"కొడుకా, దొరికితే దొరికింది, లేకుంటే లేదు. నువ్వైతే పాణం మీదికి తెచ్చుకోకు. గొలుసు పోతే పోయింది, నువ్వు మంచిగ పైకి రా."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడికక్కడే ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. అంత ధైర్యం ఉంటే నేను నేనెందుకవుతాను?

"భయమైతాందా?"

"మస్తు భయమైతాంది అవ్వా."

"ఎందుకు బిడ్డా భయం? గా గణపయ్యకు అంత ఎరుకే గదా!" అని ధైర్యం చెప్పింది.

గణపయ్యకు నిజంగానే అంతా తెలుసు: ఆ రోజు లారీ మీద ఆయన మెడలోంచి గొలుసు తీసి జేబులో వేసుకున్నదీ, దాన్ని అమ్మిన డబ్బుతోనే అండమాన్ పోయి మునగడం నేర్చుకున్నదీ నేనే.