మిట్టింటోళ్లు

గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను. మోకాళ్ల దాకా దుమ్ము.

వాచ్‌మన్ చిన్నప్ప లోపలికి వదలడం లేదు. ఏ నంబరు ఇంటికి అని అడుగుతున్నాడు. ముసలాయనకు నంబరు తెలియదు.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద కొత్తగా లేచిన కాలనీ అది. అరవై ఇళ్లు, నాలుగు కెమెరాలు, ఒక గేటు. బెంగళూరు కంటే మనమే ముందున్నామని సెక్రటరీ ఉమాపతి ప్రతి మీటింగులోనూ చెబుతుంటాడు.

ఆ ఆదివారం పొద్దున ఉమాపతి బండి తీసుకుని జున్ను కోసం బయల్దేరాడు. తల్లి శారదమ్మ మంచం పట్టి నాలుగు నెలలైంది. నాలుగు రోజులుగా చెంచాడు నీళ్లు తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పేశాడు. అలాంటి మనిషి నిన్న నోరు తెరిచి, రవ్వంత జున్ను ఉంటే తింటానన్నది. ఎన్నాళ్లకో ఆమె నోరు విడిచి అడిగిన తిండి. ఎట్లాగైనా ఒక ముద్ద పెట్టాలని కొడుకు ఆరాటం.

గేటు దగ్గర బండి ఆపాడు.

“ఏముంది క్యానులో?”

“జున్నుపాలప్పా. మా ఆవు ఈనింది.”

ఉమాపతికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. “లీటరెంత?”

“అమ్మకూడదప్పా. ఇండ్లోళ్లకు ఇయ్యల్ల.”

“ఊరికేనా?”

“ఊరికేనే.”

“యాల?”

ఎందుకన్న ఆ ప్రశ్న ముసలాయనకు అంతుపట్టలేదు. “ఈనింది గదప్పా,” అన్నాడు మళ్లీ.

ధర చెప్పి ఉంటే కొనేవాడే. ఊరికే అనేసరికి ఉమాపతికి అనుమానం పుట్టింది. ఊరికే ప్రసాదం పంచి, మత్తుమందు పెట్టి, ఇల్లు దోచుకుపోయారని కాలనీ గ్రూపులో మొన్ననే మెసేజి వచ్చింది. దాన్ని అందరికీ పంపింది తనే.

ఎవరింటికి వచ్చావని గట్టిగా అడిగాడు.

“మిట్టింటోళ్లు ఈడుండారంట. వాళ్లకే తెచ్చినా.”

చిన్నప్ప నవ్వాడు. “ఈడ మిట్టా లేదు, గుంతా లేదు తాతా. అంతా లెవెల్ చేసేసినారు.”

“అట్లాంటోళ్లు ఎవురూ ఈడ లేరు. పో పెద్దాయనా,” అన్నాడు ఉమాపతి. పంపించెయ్యమని చిన్నప్పకు చెప్పి బజారుకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఒక స్వీటు షాపులో జున్ను డబ్బా దొరికింది. దాని మీద ధర ఉంది, తేదీ ఉంది, కంపెనీ ముద్ర ఉంది. ధైర్యంగా కొన్నాడు.

శారదమ్మ నాలుక మీద పెట్టించుకుంది. మింగలేదు. పాలపొడి నాయనా అని మొహం తిప్పుకుంది.

ఆమెను కాస్త నవ్విద్దామని ఉమాపతి గేటు దగ్గరి సంగతి చెప్పాడు. ఎవడో ముసలాయన ఊరికే జున్నుపాలు ఇస్తాడట, మిట్టింటోళ్లు కావాలట.

శారదమ్మ నవ్వలేదు. మోచేతి మీద లేవబోయింది. చేతకాలేదు.

“మిట్టింటోళ్లంటే మనమే గదరా.”

మూడేళ్ల వయసులో సొంతూరు విడిచిన ఉమాపతికి అది తెలియదు. ఆ ఊళ్లో ఇల్లు ఎక్కడుంటే మనుషులకు అదే పేరు. చింతకిందోళ్లు, బాయికాడోళ్లు. వీళ్లది మిట్ట మీది ఇల్లు. పక్కింటి ఆడమనిషిని పేరు పెట్టి అడగడం ఆ ఊరి మగవాళ్లకు మర్యాద కాదు.

“మునస్వామి అయ్యింటాడు. మన పక్కిల్లు. గోడ ఒగటే,” అన్నది శారదమ్మ. “ముందు పక్కింటికి పోసినాకే వాళ్లు తాగేది.”

ఉమాపతి చెప్పులు లేకుండా గేటుకు పరుగెత్తాడు.

ముసలాయన లేడు. మధ్యాహ్నం దాకా రోడ్డు అవతల కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరినీ అడిగాడని చిన్నప్ప చెప్పాడు. ఎండకు పాలు విరిగిపోయాయి. కాలువలో పోయకుండా ఒక చెట్టు మొదట్లో పోసి, క్యాను కడుక్కుని, బస్సెక్కి పోయాడట.

తెల్లారి పోయి పిలుచుకొస్తానని ఉమాపతి తల్లికి మాటిచ్చాడు. తెల్లారేసరికి ఆమె లేదు.

మూడో నాడు, బుధవారం, పాలు పోసే కార్యం అయ్యాక ఉమాపతి పుంగనూరు దాటి ఆ ఊరికి వెళ్లాడు. చావు కబురు చెప్పాలి. దినాలకు పిలవాలి. అన్నిటికంటే ముందు మునస్వామి చేతులు పట్టుకోవాలి.

మొదటి ఇంటికి తాళం. రెండో ఇంటికీ తాళం. వీధి చివరిదాకా నడిచాడు. అన్నీ తాళాలే. ప్రతి గడప ముందూ ఒక ఆకు దొప్ప పెట్టి ఉంది. అడుగున ఎండిన పసుపురంగు చార, చుట్టూ చీమలు.

మిట్ట మీది ఇంటికి కప్పు లేదు. ఆ ఒక్క గడప ముందు మాత్రం దొప్ప లేదు.

పక్క ఊరికి చెందిన పెద్దన్న అనే ఆయన మేకలు తోలుకుంటూ అటు వచ్చాడు. మునస్వామి ఏడని అడిగితే నిలబడి చెప్పాడు. జనమంతా బెంగళూరుకూ తిరుపతికీ జీతాలకు పోయి ఏళ్లయింది. కూతురు ఎన్నిసార్లు పిలిచినా మునస్వామి కదల్లేదు. ఎవరైనా తిరిగొస్తే చెంబుడు నీళ్లిచ్చేవాడు ఒకడుండాలనేవాడట.

“మొన్న సోమారం ఆవును నాకు తోలిచ్చి, కుప్పంలో కూతురుకాడికి పోయినాడప్పా. ఇయ్యనీకి మనోళ్లు ఇంగెవురూ మిగల్లేదంట.”

చావు కబురు ఎవరికి చెప్పాలో తెలియక ఉమాపతి వీధి మధ్యలో నిలబడిపోయాడు.

సోమవారం దాకా ఆ ఊరంటే మునస్వామి ఒక్కడే.